కాలూనే చోటు

ఎక్కడం మరిగిన పిల్లవాడికి ఇంట్లో గోడలూ గదులూ కనబడవు. కాలు పెట్టడానికి వీలున్న చోట్లు కనబడతాయి. సోఫా చెయ్యి, టీవీ బల్ల కింది అర, మంచం పట్టె, కిటికీ గట్టు, వాషింగ్ మెషీన్ పక్కన ఎవరో బోర్లించి మరిచిపోయిన బకెట్టు. పెద్దవాళ్లు ఎత్తును చూసి భయపడతారు. వాడు ఎత్తును లెక్కచెయ్యడు, మొదటి కాలు ఎక్కడ మోపాలో వెతుక్కుంటాడు. అది దొరికిందంటే మిగతా పని చేతులు చూసుకుంటాయి. ఇలాంటి పిల్లలున్న ఇళ్ల కోసం వడ్రంగులు, వెల్డర్లు, కొలతలు నిర్ణయించే ఇంజినీర్లు ఎంతోమంది పనిచేస్తారు. వాళ్లలో పనిమంతుడెవరో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: అడ్డు ఎత్తు పెంచి ఊరుకున్నాడా, ఆ మొదటి కాలూనే చోటును తీసేశాడా?

ఆస్ట్రేలియా జాతీయ నిర్మాణ నియమావళిలో ఈ తేడా తెలిసినవాళ్లు రాసిన నిబంధన ఒకటుంది. కింది నేలకు 4 మీటర్లకు మించిన ఎత్తులో బాల్కనీ ఉంటే, దాని కంచెకు 150 మి.మీ. మొదలు 760 మి.మీ. వరకు ఉన్న మేరలో ఎక్కడానికి పనికొచ్చే అడ్డకమ్మీ గాని అంచు గాని ఉండకూడదు. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది చిన్నపిల్లల కాలు. 150 కంటే కిందున్న అంచు మీద నిలబడితే వాడికి కలిసొచ్చే ఎత్తు జానెడు కూడా కాదు. 760కి పైనున్నదాన్ని వాడు పాదమెత్తి అందుకోలేడు. ఏ కమ్మీ వాడాలో, ఏ లోహం వాడాలో, ఎలాంటి అందం ఉండాలో అంతా కట్టేవాడి ఇష్టానికి వదిలేసి, పిల్లవాడి కాలికి పనికొచ్చే ఆ రెండడుగుల మేరను మాత్రం నున్నగా ఉంచమన్నారు. ఇంత క్లుప్తంగా ఇంత పని చేసే వాక్యాలు చట్టాల్లో అరుదు.

బ్రిటన్ నిబంధనలూ ఆ దారిలోవే. ఐదేళ్లలోపు పిల్లలు మసలే అవకాశమున్న భవనాల్లో కంచె సందులోంచి 100 మి.మీ. గోళం దూరకూడదు, కంచె తేలిగ్గా ఎక్కేటట్టు ఉండకూడదు, అందుకే అడ్డకమ్మీలు మానుకోవాలి అంటాయవి. అమెరికా నివాస భవనాల నమూనా నియమావళి 2000లో నిచ్చెనలా ఎక్కడానికి వీలయ్యే కంచెలను వద్దంది, మరుసటి ఏడాదికే ఆ మాట వెనక్కి తీసుకుంది. సందు నాలుగు అంగుళాల గోళానికి లొంగకూడదన్న నియమం మాత్రం నిలిచింది. సందును పట్టుకుని మెట్టును వదిలెయ్యడం నా లెక్కలో సగం పని.

ఈ చూపుతో చూస్తే మన పాత ఇళ్ల కిటికీల మీద గౌరవం పెరుగుతుంది. టేకు చట్రం, దాని పైచెక్కలోనూ కిందిచెక్కలోనూ బెజ్జాలు, వాటిలో దిగిన నిలువు ఇనప ఊచలు. ఊచలు పక్కకు వంగకుండా నడుమ ఒకటో రెండో అడ్డపట్టీలు. ఆ పట్టీని ఊచల మీద పైపైన అతికించలేదు. పట్టీకి బెజ్జాలు వేసి, ఊచలను అందులోంచి దూర్చారు. అందువల్ల పట్టీ లోపలికి పెద్దగా పొడుచుకు రాదు. దాని మీద బొటనవేలు ఆనుతుంది గాని పాదం నిలవదు. ఇదంతా దొంగలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటే, పిల్లలను కాదు. అయినా ఊచలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ పిల్లవాడు వీధి చూస్తూ అక్కడే నిలబడతాడు. పైకి పోవడానికి వాడికి దారి లేదు.

తరువాత గ్రిల్లుల కాలం వచ్చింది. పువ్వులు, ఉదయించే సూర్యుడు, నెమళ్లు, ఇంటాయన పేరులో మొదటి అక్షరం. వెల్డరు చేతిలో ఎంత కళ ఉందో పిల్లవాడి కాలికి అన్ని మెట్లు. కిటికీలో ఉన్నంతకాలం దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే గ్రిల్లు కిటికీని పైదాకా మూసేస్తుంది. ఎక్కినవాడు మహా అయితే పైనుంచి ఇంట్లోకే పడతాడు. అదే అలవాటు బాల్కనీకి పాకాకే చిక్కు వచ్చింది. ఇప్పటి అపార్టుమెంట్లలో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులను మూడో నాలుగో అడ్డంగా వేసి, మెరుగు పెట్టి, రెయిలింగు అంటున్నారు. వెల్డింగు అతుకు ఎక్కడుందో కనబడనంత నున్నటి పని. కానీ దాన్ని ఏ వైపు నుంచి చూసినా నిచ్చెనే. కొన్నిచోట్ల అడుగున్నర ఎత్తు పిట్టగోడ కట్టి, దాని మీద పొట్టి రెయిలింగు నిలబెడతారు. నేల నుంచి టేపు పెడితే ఎత్తు సరిపోయినట్టే ఉంటుంది. పిల్లవాడు ముందు పిట్టగోడ ఎక్కుతాడు కాబట్టి వాడి టేపు అక్కడినుంచి మొదలవుతుంది. ఫ్లాటు కొనేముందు వంటగది వైశాల్యం అడిగే మనం ఈ కొలత అడగం.

ఉన్న రెయిలింగును పీకెయ్యకుండా సరిచేసే పనిలో కూడా మంచిచెడ్డలు ఉంటాయి. పైపులకు లోపలివైపు, అంటే పిల్లవాడు నిలబడే వైపు, పారదర్శకమైన పాలీకార్బొనేట్ పలక బిగించినవాడు పని తెలిసినవాడు. పలకను బయటివైపు బిగిస్తే పైపులు లోపలే ఉండిపోతాయి. కిందికి పడకపోవచ్చు గాని నిచ్చెన మాత్రం అలాగే ఉంది. బోల్టు తల లోపల, నట్టు బయట ఉండాలి. నట్టు లోపల మిగిలిపోతే అది వాడి వేళ్లకూ నోటికీ పని కల్పిస్తుంది.

కంటికి కనబడీ కనబడని గ్రిల్ అని ఇప్పుడు అమ్ముతున్న నిలువు తీగల అమరిక నాకు నచ్చింది. రెండు మూడు మి.మీ. మందం స్టీలు తీగ, దానిమీద నైలాన్ పూత, పైనా కిందా అల్యూమినియం పట్టాలు. అడ్డంగా ఏమీ లేదు కనుక కాలికి ఏమీ దొరకదు. దీని పనితనమంతా బిగువులో ఉంది. పక్కపక్కనున్న రెండు తీగలను రెండు చేతులతో విడదీసి చూడండి. సందు పెద్దదై తల పట్టేంత అవుతుంటే, బిగించినవాడు పని సగంలో వదిలేసినట్టే. పట్టా కాంక్రీటులోకి దిగిందా, పైపూతలోనే ఆగిందా అన్నది కూడా చూసుకోవాలి. పావురాల కోసం కట్టే వల సంగతి వేరు. అది పావురాలకే. పిల్లవాడి బరువు ఆపడానికి దాన్ని ఎవరూ నేయలేదు. వల ఉందిలే అని ధీమాగా ఉన్న ఇళ్లు చూస్తే నాకు గాభరా.

కిటికీ కంచె ఒక నగరమంతా కలిసి చేసిన పని అనిపించే చోటు న్యూయార్క్. మేడల కిటికీల్లోంచి పిల్లలు పడిపోవడం చూసి ఆ నగర ఆరోగ్యశాఖ 1972లో 'పిల్లలు ఎగరలేరు' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1976లో అది నిబంధన అయింది: పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలున్న వాటాలకు ఇంటి యజమాని కిటికీ కంచెలు పెట్టించాలి. కంచె సందు నాలుగున్నర అంగుళాలకు మించకూడదు, 150 పౌండ్ల బరువు మీద పడినా తట్టుకోవాలి. నాకు ముచ్చటేసింది చిన్న వివరాల దగ్గర. కంచెను ఒక్కవైపే తిరిగే స్క్రూలతో బిగిస్తారు. బిగించడానికి స్క్రూడ్రైవరు పనికొస్తుంది, విప్పడానికి దానికి పట్టు చిక్కదు. అక్కడి కిటికీ రెక్కలు పైకీ కిందికీ జారతాయి కాబట్టి, రెక్క కంచెను దాటి పైకి లేచి కొత్త సందు ఏర్పడకుండా గాడిలో ఎల్ ఆకారపు ఆపులు బిగిస్తారు. అగ్నిప్రమాదంలో దిగిపోయే మెట్ల వైపు తెరుచుకునే కిటికీకి మాత్రం ఈ కంచె పెట్టరు. పిల్లవాడిని కాపాడే అడ్డు మంటల్లో వాడికే అడ్డు కాకూడదన్న ఎరుక అది. మన గ్రిల్లుల్లో తాళంతో తెరిచే భాగం ఒకటి ఉంచమని వెల్డరుతో చెప్పేవాళ్లు ఎంతమంది? చెప్పినా, ఆ తాళంచెవి ఇంట్లో ఎక్కడుందో ఎందరికి గుర్తు?

ఇవేవీ లేకపోయినా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. కిటికీ కింద దివాను వెయ్యకపోవడం, బాల్కనీలో కుర్చీ, పూలకుండీ, పాత పత్రికల కట్ట ఉంచకపోవడం. ఆస్ట్రేలియా వాళ్ల నిబంధన కష్టపడి తీసేసిన మెట్టును మనం చేతులారా తెచ్చి పెట్టకూడదు.

మెట్టు సంగతి అలా ఉంటే సందుది వేరే శాస్త్రం. పిల్లల మంచం కమ్మీలు చూడండి. అమెరికాలో 1970లలో వచ్చిన నిబంధన ప్రకారం కమ్మీల మధ్య సందు రెండూ మూడు ఎనిమిదో వంతుల అంగుళాలు, అంటే సుమారు 60 మి.మీ. మించకూడదు. ఎందుకింత ఇరుకు? తల దూరకుండా ఉండటానికి అంత అక్కర్లేదు, పసివాడి తల అంతకంటే చాలా పెద్దది. ఇక్కడ కొలిచింది తలను కాదు, తుంటిని. పెద్దవాళ్లకు తల దూరిన చోట ఒళ్లు దూరడం కష్టం. పసివాడికి ఒళ్లు దూరిన చోట తల దూరదు. కాళ్లు ముందుగా కమ్మీల మధ్యకు జారి, నడుము జారి, ఛాతీ జారి, మెడ దగ్గర ఆగిపోతాడు. ఆ కారణంతోనే సందును తుంటి దగ్గరే ఆపేశారు.

యూరప్ ప్రమాణం దీనికి మరో మెలిక పెట్టింది. అక్కడ కమ్మీల సందు 65 మి.మీ. మించకూడదు, 45కు తగ్గకూడదు. ఇరుకైతే ఇంకా క్షేమం కదా అనుకుంటాం. కాదు, కాలూ చెయ్యీ దూరి మళ్లీ బయటికి రాని సందులు ఆ చిన్న కొలతల్లోనే ఉంటాయి. దూరితే తేలిగ్గా వెనక్కి రావాలి, లేదా అసలు దూరకూడదు. నడిమి కొలతలు పనికిరావు. మంచం మూల కోళ్ల మీద పాతకాలంలో గుండ్రటి మొగ్గలు చెక్కేవారు. చూడ్డానికి బాగుంటాయి. ఎక్కి దిగబోయే పిల్లవాడి చొక్కా మెడ ఆ మొగ్గకు తగులుకుంటుందని అమెరికా ప్రమాణం మూల కోడు పక్క చట్రం కంటే ఒకటిన్నర మి.మీ. కంటే ఎక్కువ పైకి లేవకూడదంది. ఒకటిన్నర మి.మీ. అంటే చేత్తో తడిమితేనే తెలిసే ఎత్తు. చిత్రిక పట్టేవాడు ఇంకొక్కసారి పట్టాలి, అంతే. ఎంత మంచి మంచమైనా పిల్లవాడు ఎక్కి దాటడం మొదలుపెట్టాడంటే, లేదా 89 సెం.మీ. ఎత్తుకు వచ్చాడంటే, దాని పని అయిపోయింది. ఆ తరువాత నేల మీద పరుపే నయం.

ఇంట్లో అన్నిటికంటే మోసకారి వస్తువు సొరుగుల బల్ల. మూసి ఉన్నప్పుడు అది కాలికి ఏమీ ఇవ్వదు. కింది సొరుగు లాగితే మెట్టు, దాని పైది లాగితే రెండో మెట్టు. లాగిన ప్రతి సొరుగుతోనూ బరువు ముందుకాళ్లను దాటి బయటికి వస్తుంది. అంచు మీద పది పదకొండు కిలోల పిల్లవాడు నిలబడగానే ముందుకాళ్లే ఇరుసై బల్ల మొత్తం వాడి మీదికి వాలుతుంది. అందులోనూ ఎక్కేవాడు ఊరికే నిలబడ్డ బరువు కాడు. చేతులతో లాక్కుంటూ నడుము వెనక్కి వేస్తాడు. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలత పరికరాలు బిగించిన చట్రం మీదికి పిల్లలను ఎక్కించి చూస్తే, ఎక్కేటప్పుడు వాళ్లు వేసే లాగుడు తూకంలో కనిపించే బరువు కంటే ఎక్కువని తేలింది.

పిల్లల మరణాల తరువాత 2016 జూన్‌లో ఐకియా సంస్థ అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగు బల్లలను వెనక్కి పిలిచింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల పోరాటం వల్ల 2022 డిసెంబరులో అక్కడ చట్టం వచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ప్రమాణం అమలవుతోంది. ఆ పరీక్ష రాసినవాళ్లు ఇల్లు చూసినవాళ్లు. బల్లను చదునైన ప్రయోగశాల నేల మీద మాత్రమే నిలబెట్టి మార్కులు వెయ్యలేదు. తివాచీ మీద పెట్టిన బల్ల ఎలా ముందుకు ఒరుగుతుందో అలా వెనక ఎత్తు పెట్టి కాస్త వంచారు. సొరుగుల్లో బట్టల బరువు నింపి కూడా చూశారు. వాటిని తెరిచి ఉంచి, 60 పౌండ్ల పిల్లవాడి బరువు వేసి చూశారు. నిజంగా ఇంట్లో జరిగేది అదే.

ఈ మార్పు తెచ్చిన పనితనంలో నాకు బాగా నచ్చింది సొరుగుల తాళం. ఒకటి తెరిస్తే మిగిలినవి తెరుచుకోవు. ఆఫీసుల్లో ఫైళ్లు పెట్టే ఇనప బీరువాలకు ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. సొరుగు పక్కన నిలువుగా ఒక కడ్డీ ఉంటుంది, తెరిచిన సొరుగు ఆ కడ్డీని కదిపి మిగిలినవాటికి అడ్డు వేస్తుంది. గుమాస్తా మీద బీరువా పడకుండా చేసిన ఏర్పాటు పసివాడి బట్టల బల్లకు చేరడానికి ఇన్నేళ్లు పట్టింది. ఒక సొరుగే తెరుచుకునే బల్లకు ఒక మెట్టే ఉంటుంది, రెండోది పుట్టదు. గోడకు బిగిస్తే తప్ప ఒకటికి మించి సొరుగులు తెరుచుకోని నమూనాలు కూడా ఐకియా తరువాత తెచ్చింది. గోడకు బిగించండి అని కాగితం మీద అచ్చేసి చేతులు దులుపుకోవడం కంటే ఇది ఎంతో నిజాయితీ ఉన్న పని. ఆ సంస్థ మనదేశంలో తొలి దుకాణం తెరిచింది 2018 ఆగస్టులో, హైదరాబాదులోనే. అయితే మన ఇళ్లలో ఎక్కువ కనబడేవి అవి కావు. చక్రాల మీద నిలబడి, ఒకదానిమీద ఒకటిగా ఐదారు సొరుగులతో పిల్లవాడి కంటే ఎత్తుగా ఉండే తేలికపాటి ప్లాస్టిక్ బల్లలు. వాటికి తాళమూ లేదు, గోడకు కట్టే కొక్కెమూ లేదు. బరువైన బట్టలు కింది సొరుగులో పెట్టి, మంచానికో కిటికీ ఊచకో గట్టిగా కట్టెయ్యడం ఒక్కటే దారి.

గోడకు బిగించే పనిని పనివాళ్లు చిన్నచూపు చూస్తారు. చిన్నదేమీ కాదు. పైపూత దాటి ఇటుకలోకి దిగేంత లోతు బెజ్జం కావాలి. బెజ్జంలో దుమ్ము ఊదేశాకే ప్లాస్టిక్ గుల్ల దించాలి, దుమ్ము మీద గుల్ల పట్టు దొరకదు. కొత్త అపార్టుమెంట్లలోని తేలిక సిమెంటు దిమ్మెలకు ఇటుక గోడకు వాడే గుల్ల చాలదు, ఇంకా పొడవైనది, దిమ్మెను కరిచి పట్టుకునేది వేరే ఉంటుంది. పట్టీ బల్ల పైభాగాన ఉండాలి, వదులు లేకుండా ఉండాలి. పట్టీ వదులుగా ఉంటే బల్ల కొంత వాలాక గాని అది పట్టుకోదు, వాలుతున్న బరువు ఆ కుదుపుతో స్క్రూను పెరుకుతుంది. ప్లగ్గుల మూతలు, బల్ల మూలలకు అతికించే రబ్బరు ముక్కలు కూడా అవసరమే గాని, వాటిలో చెప్పుకోదగ్గ పనితనం లేదు.

మేడమెట్ల పైన గేటు చేసిన ఒక వడ్రంగి పని మాత్రం చెప్పకుండా ఉండలేను. మా బంధువుల ఇంట్లో చూశాను. తలుపు చట్రాలు చేయగా మిగిలిన టేకు చెక్క. గేటు కొలతలు తీసుకోవడానికి వచ్చి, ఆయన ముందు మెట్ల వెడల్పు కొలవలేదట. "బాబుని ఇలా నిలబెట్టండమ్మా" అని, వాడి గడ్డం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద పెన్సిలుతో గీత గీశాడట. పై కమ్మీ చంకల కిందికి ఉంటే పిల్లవాడు దానిమీద మోచేతులు ఆనించి ఒళ్లు పైకి లాక్కుంటాడు. గడ్డం దాటితే ఆ ఊతం దొరకదు. గేటు ఎత్తు పిల్లవాడి ఎత్తులో ముప్పావు వంతుకు తగ్గకూడదని అమెరికాలో తల్లిదండ్రులకు చెబుతారు. గడ్డం గీత దాదాపు అక్కడికే వస్తుంది. ఈయన దానిమీద మరో నాలుగు అంగుళాలు కలిపాడు, పిల్లవాడు పెరుగుతాడు కదా.

ఆ గేటుకు నిలువు బద్దలే. వాటిని పట్టి ఉంచే అడ్డచెక్కలు మెట్ల వైపు ఉన్నాయి, పిల్లవాడి వైపు అంతా చదును. మామూలుగా వడ్రంగులు అడ్డచెక్కలను లోపలివైపే వేస్తారు, బయటికి అందంగా కనబడాలని. ఈయన అందం పిల్లవాడికి ఇచ్చి, అనాకారితనం మెట్లకు వదిలేశాడు. గేటు మెట్ల మీదికి తెరుచుకోదు, ఇంట్లోకే తెరుచుకుంటుంది. ఎత్తి పక్కకు జరిపితేనే తీసే గడియ, రెండు పనులు ఒకేసారి చెయ్యాలి. అదీ అవతలి వైపు ఉంది. బందులు గోడకు కాదు, మెట్ల స్తంభానికి ఇటునుంచి అటు దూరే బోల్టులతో బిగించిన ఒక నిలువు చెక్కకు ఉన్నాయి. ఒత్తిడితో నిలిచే రెడీమేడ్ గేట్లు వంటింటి గుమ్మానికి సరే. మెట్ల పైన పెడితే పిల్లవాడి తోపుకు ఊడిరావచ్చు, పైగా గుమ్మానికి అడ్డంగా నేలమీద ఉండే వాటి కింది కమ్మీ చంకన బిడ్డతో వచ్చే తల్లి కాలికి తగులుతుంది. ముడుచుకుని విచ్చుకునే పాత చెక్క గేట్ల సంగతి మరీ ఘోరం. వాటి పైఅంచులోని వి ఆకారపు సందుల్లో మెడ పట్టేసేది. అమెరికా తయారీదారులు 1985 నాటికే ఆ నమూనా మానేశారు.

ఇంతదాకా చెప్పినవన్నీ కాలూనే చోటు లేకుండా చేసే పనులు. ఇల్లంతా ఇదే చేస్తే ఎక్కే బుద్ధి ఎటు పోతుంది? ఎక్కడో ఒకచోట ఆ చోటు ఇవ్వాలి, అదీ ఇంకా శ్రద్ధగా చెయ్యాలి. ఈ సంగతి గ్రహించినావిడ ఎమ్మీ పిక్లర్. 1902లో వియన్నాలో పుట్టిన హంగేరీ పిల్లల వైద్యురాలు. వియన్నా ఆస్పత్రిలో నేర్చుకునే రోజుల్లో, వీధుల్లో గెంతుతూ చెట్లెక్కి పెరిగిన కూలివాళ్ల పిల్లల కంటే అడుగడుగునా కాపలాతో పెరిగిన పిల్లలే పెద్ద దెబ్బలతో వస్తున్నారని ఆమె గమనించిందంటారు. 1946లో బుడాపెస్టులోని లోట్సీ వీధిలో ఆమె అనాథ పసిపిల్లల ఆశ్రమం నెలకొల్పింది. అక్కడి నియమం: పిల్లవాడు తనంతట తాను చేరలేని భంగిమలో వాడిని పెట్టకూడదు. కూర్చోలేనివాడిని దిండ్లు పెట్టి కూర్చోబెట్టరు. ఎక్కలేనివాడిని ఎత్తి పైన నిలబెట్టరు. తానుగా ఎక్కినవాడికి ఎక్కిన దారి ఒంట్లో ఉంటుంది, ఎత్తి పెట్టినవాడికి అది ఉండదు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ అడాల్ఫ్ పసిపిల్లలను వాలుబల్లల మీద నడిపించి చేసిన పరిశోధన దీనికి తోడు నిలుస్తుంది. వారాలు గడిచేకొద్దీ దోగాడే పిల్లలు ఏ వాలు దిగగలరో, ఏది దిగలేరో పసిగట్టి ఆగుతారు. అదే పిల్లలు లేచి నడవడం మొదలుపెట్టగానే ఆ తెలివి చెల్లదు, దిగలేని వాలు మీదికి మళ్లీ ధీమాగా అడుగేస్తారు. ప్రతి కొత్త కదలికకూ అనుభవం కొత్తగా కూడబెట్టుకోవాలి. ఆ అనుభవం మూడడుగుల ఎత్తు లోపల దొరికితే మేలు.

పిక్లర్ పేరుతో ఇప్పుడు లోకమంతటా చేస్తున్న చెక్క త్రికోణం ఆ పనికే. రెండు చిన్న నిచ్చెనలు, పైన కలిపే బందు, కింద విడి కాళ్లు. ఇంతకంటే సాదా వస్తువు ఉండదు గనుక చేతకానితనం దాగదు. మొదట చూడవలసింది మెట్టు కర్ర. అమెరికా ఆటస్థలాల మార్గదర్శకం చేత్తో పట్టుకునే కర్ర మందం 24 నుంచి 39 మి.మీ. మధ్య ఉండాలంటుంది. అంతకంటే లావైతే బొటనవేలు చుట్టూ తిరిగి మిగతా వేళ్లను కలవలేదు, పట్టు ఉండదు. మెట్టు కర్ర చేతిలో తిరగకూడదు కూడా. మంచి వడ్రంగి కర్ర కొనను బెజ్జం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంచి, జిగురు పూసి దిగగొడతాడు. పైనుంచి ఒక్క మేకు కొట్టి సరిపెట్టిన కర్ర మొదటి వానాకాలానికే వదులవుతుంది. కర్రకూ కర్రకూ మధ్య సందుకు ఆటస్థలాల లెక్కే వర్తిస్తుంది. మూడున్నర అంగుళాలకూ తొమ్మిదికీ మధ్య కొలతలు తలకు ఉరి, వాటికి ఇటో అటో ఉండాలి. రెండేళ్ల లోపువాడికి ఇటే, అంటే మూడున్నర అంగుళాల లోపే మేలు.

ఇక పూత. ఎక్కే వయసు పిల్లవాడు కర్రను చేత్తో పట్టుకోవడంతో ఊరుకోడు, పళ్లు దించుతాడు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా డబ్బా మీద ఏముందో చదవకుండా కొన్న రంగును నోట్లోకి పోయే కర్రకు పూయడం నాకు నచ్చదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లేతు మీద తిరిగే అంకుడు కర్రకు లక్కబిళ్ల ఆనించి, ఆ రాపిడి వేడికే రంగు పట్టించే చేతులు ఉన్నాయి. ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీసిన రంగులవి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక త్రికోణానికి పదో పన్నెండో మెట్టు కర్రలు కావాలి. అవి ఆ లేతు మీద తిరిగి వస్తే ఎంత బాగుంటుందో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. త్రికోణం కింద పలచటి చాప చాలు. మెత్తటి పరుపు వేస్తే కాళ్లు కుదురుగా నిలవవు, త్రికోణం ఒరుగుతుంది.

కొనేముందు మాత్రం పైనున్న బందును విప్పి ముడిచి చూడండి. మడిచేటప్పుడు రెండు చట్రాల మధ్య ఏర్పడే సందు వేళ్లను నలిపేది. యూరప్ ఆటవస్తువుల ప్రమాణం దీనికి ఒక సూత్రం చెప్పింది: బందు దగ్గరి సందులో 5 మి.మీ. కడ్డీ దూరితే 12 మి.మీ. కడ్డీ కూడా దూరాలి. దుకాణంలో కడ్డీలు ఎక్కడినుంచి వస్తాయి, జేబులో పెన్సిలు ఉంటే చాలు. పెన్సిలు దూరిన చోట మీ చిటికెన వేలు కూడా ఇబ్బంది లేకుండా దూరి రావాలి. మడుస్తున్నప్పుడూ, విప్పుతున్నప్పుడూ, పూర్తిగా విప్పి నిలబెట్టాకా, మూడుసార్లూ చూడాలి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.